పులివెందులలో జర్మనీ పుస్తకం

ఆ రోజుల్లో మా మామ ఇంట్లో గొడవలు ఆస్తుల మీదో, పెళ్లిపిలుపుల మీదో వచ్చేవి కావు, కేటలాగుల మీద వచ్చేవి. కేటలాగంటే చీరల కేటలాగు అనుకునేరు (మామది ప్రొద్దుటూరులో చీరల అంగడి కాబట్టి ఊళ్లో చాలామంది అలాగే అనుకునేవాళ్లు). కాదు, తపాలా బిళ్లల కేటలాగు. ఏ దేశం ఏ ఏడు ఏ స్టాంపు వేసింది, దాని రంగేమిటి, దాని విలువెంత అని నంబర్లు వేసి మరీ చెప్పే లావుపాటి పుస్తకం. స్టాంపులు కూడబెట్టేవాళ్లకు అది లేకపోతే పంచాంగం లేని పురోహితుడి గతే. పంచాంగాల్లాగే అవీ ఒకటి చెప్పింది ఇంకొకటి చెప్పదు. ఇంగ్లండు వాళ్లదొకటి, అమెరికా వాళ్లదొకటి, మన వాళ్లదొకటి. వీటిలో ఏది సరైనది అన్న ప్రశ్న మీద వయసొచ్చిన మగవాళ్లు భోజనాలు మానుకోవడం నేను కళ్లారా చూశాను. ఇప్పుడు తలుచుకుంటే, మనుషులకు అంతకంటే పెద్ద కష్టాలు లేని రోజులవి అనిపిస్తుంది. కష్టాలు ఉండే ఉంటాయి. వాటి గురించి మాట్లాడే తీరిక మామకూ, ఆయన స్నేహితులిద్దరికీ లేదు, అంతే.

రాష్ట్రం అప్పుడప్పుడే రెండయింది. హైదరాబాదు పోయిందని అందరూ రకరకాలుగా బాధపడుతుంటే, మా మామ మాత్రం అక్కడి పాత పుస్తకాల అంగళ్లు పొరుగు రాష్ట్రానికి పోయాయని బాధపడ్డాడు. నేను డిగ్రీ ముగించి, పెండ్లిమర్రి దగ్గరి మా పల్లె నుంచి వచ్చి మామ ఇంట్లో ఉంటూ ఒక కొరియర్ ఆఫీసులో కౌంటరు దగ్గర చేరాను. స్టాంపులను దేవుడి పటాల్లా చూసుకునే ఇంట్లో తింటూ, స్టాంపు అవసరమే లేని చోట పని చేయడమన్నమాట. మామ దాన్ని మనసులో పెట్టుకున్నాడు. ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే "ఏందో పార్సిళ్ల కాడ" అనేవాడు తప్ప కొరియర్ అనే మాట నోట రానిచ్చేవాడు కాదు.

మామను ఊళ్లో పళ్ల మామ అనేవాళ్లు. స్టాంపు అంచున రంపంలా ఉండే వాటిని సేకరించేవాళ్లు పళ్లంటారు. చూడ్డానికి ఒక్కటిగానే ఉన్న రెండు స్టాంపులు పళ్ల లెక్కలో తేడా వస్తే వేరు వేరు స్టాంపులు. మామ గల్లాపెట్టె పక్కన చిన్న కొలబద్ద పెట్టుకుని, బేరాలు లేనప్పుడు పళ్లు లెక్కపెట్టుకునేవాడు. ఒకసారి మైదుకూరు నుంచి ఒక పెద్దమనిషి చెంప పట్టుకుని అంగట్లోకి వచ్చి, "పళ్లు సూస్తారంట గదప్పా" అన్నాడు. మామ తలెత్తకుండానే, "తెచ్చినావా, సూపీ" అన్నాడు. పెద్దమనిషి నోరు తెరిచాడు. (ఆయన్ను పళ్ల డాక్టరు దగ్గరికి మామే స్వయంగా తీసుకుపోయాడు. ఆ డాక్టరు దగ్గర పాత ఉత్తరాలేమన్నా ఉన్నాయేమోనని అడిగి మరీ వచ్చాడు.)

మామకు తోడు మరో ఇద్దరు. జమ్మలమడుగు నుంచి వచ్చే భూతద్దం సారు లెక్కల పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భూతద్దం లేకుండా దేన్నీ నమ్మడు. మా అత్త వడ్డించిన అలసంద వడను కూడా ఒకసారి అద్దంలో చూసి, "బాగా కాల్నట్లు ఉండాదమ్మా" అన్నాడు. ఇంకొకాయన వేముల దగ్గర చీనీతోట ఉన్న రైతు (బత్తాయిని మా వైపు చీనీ అంటారు), మేం చీనీ పెదనాయన అనేవాళ్లం. పిట్టల స్టాంపులు తప్ప ఇంకేవీ ముట్టడు. వారమంతా తోటలో పిట్టల్ని తరిమి, ఆదివారం ఆల్బంలో పిట్టల్ని అతికించుకునేవాడు. ముగ్గురికీ కలిపి ఒకటే కేటలాగు, అట్టలూడిపోయిన మన దేశపు పుస్తకం. ఆదివారం ఆదివారం మామ ఇంటి మేడ మీద దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్లు. నా పని కాఫీలు మోయడం. ఒకసారి ఒక నీలం స్టాంపు ముచ్చటగా ఉందని వేలితో తాకబోతే మామ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసి, సన్నటి పట్టకారు చూపించాడు.

"ముట్టగాకు పాపా. చిమటాతో పట్టాల. ఇయ్యన్నీ నీకు తెల్దులే, దీనికి శానా చదవాల" అన్నాడు.

డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైన దాన్ని నేను. ఆ మాట నా లోపల ఎక్కడో ముల్లులా దిగి, అక్కడే ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒక ఆదివారం చీనీ పెదనాయన వస్తూనే, పులివెందులలో తనకు తెలిసిన ఒక ముసలామె దగ్గర పెద్ద ఆల్బం ఉందన్నాడు. ఆమె భర్త ఏళ్ల తరబడి కువైట్‌లో ఉండి వచ్చాడట, పోయి రెండు మూడేళ్లయిందట. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత నన్ను చూశారు. "ఆడమనిషి ఒక్కతే ఉండే ఇల్లు, ముగ్గురు మొగోళ్లం పోయి నిలబడితే బాగుండదు, పాపను తీస్కపోదాం" అని సారు తేల్చాడు. అలా నేను జీవితంలో మొదటిసారి స్టాంపుల పనికి అర్హత సంపాదించాను.

కువైట్ అవ్వ ఇల్లు పాత వీధిలో, నీలం సున్నం కొట్టిన చిన్న మిద్దె. అవ్వ సన్నగా, చువ్వలా ఉంటుంది. మనిషి చిన్నదే గానీ మాట మాత్రం వాకిట్లోంచి వీధి చివరకు వినిపిస్తుంది. మమ్మల్ని కూర్చోబెట్టి టీలిచ్చి, బీరువాలోంచి తుండుగుడ్డలో చుట్టిన ఆల్బం తెచ్చి నా ఒళ్లో పెట్టింది (ఎక్కడ జారుతుందోనని మామ రెండు చేతులూ దాని కింద చాచాడు). తెరిస్తే కళ్లు జిగేలుమన్నాయి. గుర్రాలు, చేపలు, పిల్లులు, చంద్రుడి మీద నడిచేవాళ్లు, మూడు మూలల స్టాంపులు, గుండ్రటి స్టాంపులు. గల్ఫులో చిన్న చిన్న షేకుల రాజ్యాలు ఒకప్పుడు వేసినవట.  సారు భూతద్దం తీయడం కూడా మర్చిపోయాడు.

అవ్వ చెప్పసాగింది. "మా ఆయన ఆడ డ్రైవరు. శుక్రవారం సెలవు. అందరూ సిన్మాలకు పోతాంటే ఈయప్ప ఈ కాయితాలు కొనుక్కుంటా కూచ్చున్యాడు. నాకు బంగారు తెమ్మని చెప్పి పంపిస్తే గుర్రాల బొమ్మలు తెచ్చినాడు. ఏందయ్యా ఇది అంటే, ఇయ్యన్నీ బుక్కులో ఉంటాయి, ప్రతిదానికీ నంబరు ఉంటాది అన్న్యాడు. యాడుండాది ఆ బుక్కు అంటే సూపించల్యా. మా తమ్ముడేమో ఇయి పిల్లోళ్లు ఆడుకునే బొమ్మలు, పారెయ్ అంటాడు." మా అందరినీ వరసగా చూసింది. "మీరు చదువుకున్నోళ్లు. మీలో ఎవురి బుక్కులో మా ఆయన స్టాంపులు ఉంటాయో వాళ్లకు ఊరికే ఇచ్చేస్తా, పైసా వద్దు. ఏ బుక్కులోనూ ల్యాకపోతే మాత్రం పొయ్యిలో పెట్టి టీ కాచుకుంటా. రంజాన్ దాటినాక బుక్కులు తీస్కోని రాండి."

ముగ్గురూ గంభీరంగా తలూపారు. నేను మాత్రం ఆమె లోపలికి పోయినప్పుడు నా కొత్త ఫోనుతో నాలుగు పేజీలు ఫోటో తీసుకున్నాను. ఎందుకు తీశానంటే, చేతిలో కొత్త ఫోను ఉండబట్టి.

ఆ మర్నాటి నుంచి మేడ మీద స్నేహం అలాగే ఉంది గానీ దాని కింద ఏదో కదలడం మొదలైంది. కొద్ది రోజులకు మామ నా కౌంటరుకు వచ్చాడు. ఆఫీసులో అడుగుపెట్టనని శపథం పట్టిన మనిషి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పాపా, నా పేరు మీద ఒక బరువైన పార్సిలొస్తాది. ఇంటికి తేవొద్దు. అత్తకు గానీ, సారుకు గానీ, పెదనాయనకు గానీ చెప్పొద్దు" అన్నాడు. ఇంగ్లండు కేటలాగు తెప్పిస్తున్నాడట. "మనల్ని అన్నేండ్లు ఏలినోళ్లు, గల్ఫును కూడా చూసుకున్నోళ్లు. వాళ్లకు తెలీనిది ఉంటాదా?" అన్నాడు. నేను నోరు మూసుకున్నందుకు నాకు ఒక నెమలికంఠం రంగు చీర వచ్చింది.

వారం తిరక్కముందే చీనీ పెదనాయన పనివాడు బస్తా నిండా చీనీకాయలు తెచ్చి కౌంటరు దగ్గర దించాడు. వెనకాలే పెదనాయన. "అమ్మీ, అమెరికా నుంచి ఒక బుక్కు తెప్పిస్తాండా. అంత పెద్ద దేశం, అంత లావు బుక్కు, దాంట్లో ల్యాకుండా పోతాదా? మీ మామకు చెప్తివంటే నేను మాట్లాడను సూడు." ఆఖరికి భూతద్దం సారు కూడా వచ్చాడు. ఆయన పరాయి దేశపు పుస్తకం ముట్టడు. మన దేశపు కేటలాగే, ఈసారి రంగుల్లో కొత్త కూర్పు వచ్చిందట. "మన చేతిలో ఉన్న పాత పుస్తకంలో తప్పులు ఉండొచ్చు. కొత్తదాంట్లో విదేశాలు కలిపినారేమో, ఎవరికి తెలుసు. ఈ విషయం మన మధ్యనే ఉండాల" అన్నాడు. సారు లంచం ఇవ్వలేదు, లెక్కల్లో నాకు సాయం కావాలంటే అడగమన్నాడు (నా చదువైపోయిందని ఆయనకు గుర్తులేదు).

ఆ నెల నేను మహారాణిలా బతికాను. ఇంట్లో అన్నాల దగ్గర మామ ఏమీ ఎరగనట్టు, "ఏం పాపా, పార్సిళ్లు బాగా వస్తాండాయా?" అనేవాడు. "వస్తాండాయి మామా. ఈ మధ్య ఎందుకో అన్నీ పుస్తకాలే, లావు లావువి" అనేదాన్ని. మామ నమలడం ఆపేవాడు. "ఎవురికంట?" అంటే, "చెప్పకూడదు మామా, ఆఫీసు రూలు" అనేదాన్ని. అత్త మా ఇద్దరినీ చూసి, "ఈ ఇంట్లో ఏందో నడుస్తాంది" అనేది గానీ, స్టాంపుల సంగతి అని తెలిసి ఉంటే ఆ అనుమానం కూడా పడేది కాదు, చెయ్యి కడుక్కుని లేచిపోయేది.

మామ పార్సిలు విప్పి ఎవరికీ తెలియకుండా తానే ఇంటికి చేర్చాక, ఆయన అంగట్లో ఉన్నప్పుడు, ఇనప బీరువా వెనక దాచిన ఆ ఇంగ్లండు పుస్తకం తీసి నా ఫోటోలతో పోల్చి చూశాను. గుర్రం లేదు. చేప లేదు. ఎంత వెతికినా లేవు. అప్పుడు ఆ ఫోటోలను ఫోనులో స్టాంపులవాళ్లు మాట్లాడుకునే ఒక గుంపులో పెట్టి, ఇవి ఏ కేటలాగులో ఉంటాయని అడిగాను. ఎక్కడి వాడో, మర్యాదస్తుడు, గంటలోపే జవాబిచ్చాడు. ఆ షేకుల రాజ్యాలు ఉత్తరాల అవసరానికి మించి, అమ్ముకోవడానికే వేసిన బొమ్మలని తక్కిన కేటలాగులు వాటిని లోపలికి రానివ్వవట. ఒక్క జర్మనీ వాళ్ల కేటలాగు మాత్రం ఏదీ వదలకుండా, బొమ్మతో సహా, నంబరు వేసి రాసుకుందట.

నాకప్పుడు వచ్చిన నవ్వు కౌంటరు ముందు నిలబడ్డవాళ్లకు అర్థం కాలేదు. బెంగళూరులో ఒక పాత పుస్తకాల వ్యాపారి దగ్గర ఆ జర్మనీ పుస్తకం పాత కూర్పు దొరికింది. మా ఆఫీసు పార్సిలుగానే నా చేతికొచ్చింది, నేనే సంతకం పెట్టి నాకే ఇచ్చుకున్నాను. తెరిచి చూస్తే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంతా జర్మన్. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మధ్యలో ఎక్కడో, నలుపు తెలుపులో, తపాలా బిళ్లంత బొమ్మలో, ఆ గుర్రం నన్ను చూస్తూ నిలబడి ఉంది.

రంజాన్ దాటిన ఆదివారం మామా నేనూ బస్సెక్కి జమ్మలమడుగుకు పోతే, అక్కడ సారు కలిశాడు. ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు పట్టుకున్నాం. మామ ఒళ్లో సంచి, దాని మీద తువ్వాలు. "ఏముంది మామా అందులో?" అంటే, "అవ్వకు సూపిద్దామని రెండు చీరలు" అన్నాడు. సారు సంచిలో మందులున్నాయట. నా సంచి వాళ్లిద్దరి సంచులకంటే బరువు. "అన్నం క్యారియరు" అన్నాను. ఎండ దంచుతోంది, ముగ్గురం ఒకరినొకరు నమ్మినట్టు నటిస్తూ కిటికీలోంచి వేరుశెనగ చేలు చూస్తూ కూర్చున్నాం. పులివెందుల బస్టాండులో చీనీ పెదనాయన గోనెసంచి మోసుకుని నిలబడి ఉన్నాడు. అడక్కముందే, "చీనీకాయలు" అన్నాడు. సంచి అడుగున నాలుగు మూలలు పొడుచుకొస్తున్నాయి. నాలుగు మూలలున్న చీనీకాయను ఎవరూ ఎక్కడా చూసి ఉండరు. అయినా అందరం ఒప్పుకున్నాం.

అవ్వ సేమ్యా పాయసం చేసి పెట్టింది. అది తాగాక, ఆల్బం తెచ్చి చాప మీద తెరిచి, "ఊ, తియ్యండి" అంది. చీరలు, మందులు, చీనీకాయలు ఒక్కసారిగా పుస్తకాలైపోయాయి. ముగ్గురూ ఒకరి పుస్తకం ఒకరు చూసుకున్నారు. ముందు తేరుకున్నవాడు సారు. "నువ్వు కూడానా?" అని మామనడిగాడు. "నువ్వు తేల్యా?" అన్నాడు మామ.

అవ్వ గుర్రం మీద వేలు పెట్టింది. మామ ఇంగ్లండు పుస్తకం తిప్పాడు, తిప్పాడు, చివరకు పుస్తకం వెనకాల చీమ తలకాయలంత అక్షరాల్లో ఆ రాజ్యం పేరు దొరికింది. బొమ్మ లేదు, నంబరు లేదు, ఫలానా ఏడు గుర్రాల స్టాంపులు కూడా వేశారు అని ఒక్క వాక్యం. ఆ మాటే చెప్పాడు.

"యాడుండాది అది?" అంది అవ్వ.

"ఎనకాల. వేరేగా పెట్టినారు."

"ఎనకాల ఎందుకుండాది? పెండ్లికి పిల్చి పెరట్లో కూచ్చోబెట్టినట్లా? అట్ల పిలిస్తే మేం పోం. నువ్వు మూసెయ్యప్పా."

తరువాత చీనీ పెదనాయన. అమెరికా పుస్తకం అంత లావు కదా, ఆయన బొటనవేలు తడి చేసుకుంటూ ఎంతసేపు తిప్పినా ఆ స్టాంపు తగల్లేదు. ఆ రాజ్యం దగ్గర చిన్న గమనిక మాత్రం ఉంది. నేను చదివి అర్థం చెప్పాను, ఫలానా ఫలానావి మేం లెక్కలోకి తీసుకోలేదు అని. అవ్వ ముఖం ఎర్రబడింది. "అంటే మా ఆయన దుడ్లు పెట్టి కొనల్యా? ఆయన కొన్న్యాడు, ఈయప్ప లెక్కలోకి తీస్కోడు. ఎవురీయప్ప?" పెదనాయన ఆ అమెరికావాడి తరఫున తల దించుకున్నాడు.

సారు భూతద్దం తీసి, పుస్తకం తెరవకుండానే, "అమ్మా, అబద్ధం చెప్పను. ఈ పుస్తకం మన దేశం దాటదు" అన్నాడు.

"మా ఆయన దాటినాడు గద సారూ" అంది అవ్వ.

 అవ్వ ఆల్బం మూసింది. ఇంతసేపూ చువ్వలా ఉన్న మనిషి మెల్లగా వంగి, ఒళ్లోనే ఉన్న తుండుగుడ్డ కోసం చాపంతా తడుముకుంది. "మా తమ్ముడు చెప్పిందే నిజం అన్నమాట. పిల్లోళ్ల బొమ్మలే" అంది. ఆ మాట మాతో అన్నట్టు లేదు. మామ, "అట్లా కాదమ్మా" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆమె ముఖం చూశాక ముగ్గురికీ ఆల్బం మీద ఆశ పోయింది.

నేను అనుకున్నదేమిటంటే, వాళ్ల ముగ్గురి పుస్తకాలూ ఓడిపోయాక, కాలు మీద కాలేసుకుని, సినిమాలో లాయరులా నా పుస్తకం బయటికి తీయాలని. మామ అన్న మాటకు బదులు చెప్పే పద్ధతి కూడా రిహార్సలు చేసుకున్నాను. తీరా ఆ సమయం వచ్చేసరికి ఆ డైలాగంతా మర్చిపోయాను. గబగబా సంచిలోంచి పుస్తకం లాగి, గుర్తు పెట్టుకున్న పేజీ తీసి, అవ్వ ముందు చాప మీద పెట్టి, "ఈడుంది సూడవ్వా" అన్నాను.

అవ్వ వంగి చూసింది. కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూసింది. ఆల్బంలోని గుర్రాన్ని, పుస్తకంలోని గుర్రాన్ని, మార్చి మార్చి. "కాలెత్తింది అట్లనే ఉండాది" అంది. పక్కనే నంబరు. ఆ నంబరు మీద వేలు పెట్టి, తీయకుండా, "ఇంకోటి సూపీ" అంది.

ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో చెప్పలేను. నేను పుస్తకం తిప్పడం, సారు అద్దంతో బొమ్మలు పోల్చడం, మామ పళ్లు లెక్కపెట్టడం, ఆల్బంలో ఎక్కడైనా పిట్ట కనిపిస్తే పెదనాయన "అది నాకు చెప్పండి" అనడం. జర్మన్ ఎవరికీ రాదు కాబట్టి నా ఫోను కెమెరాను అక్షరాల మీద పట్టి తెలుగులోకి మార్చమన్నాను. అది తన చేతనైన తెలుగు చెప్పింది. ఒక స్టాంపుల వరసను "ఈ వాక్యంలో ఆరు ఉన్నాయి" అంది. వాడని స్టాంపును "తాజా తపాలా" అంది. పళ్లు లేని స్టాంపును "కోయబడినది" అంది. అవ్వ, "యా అల్లా, దేన్ని కోసినారు, గుర్రాన్నా?" అని భయపడింది. పెదనాయన మాత్రం తాజా అన్న మాట పట్టుకుని, "మన చీనీకాయల మాదిరే, మచ్చ ల్యాకుంటే తాజా" అని సారుకు పాఠం చెప్పాడు. ఒక్కో స్టాంపుకు నంబరు దొరికే కొద్దీ అవ్వకు ఒక్కో సంగతి గుర్తొచ్చింది. చేప దొరికినప్పుడు, ఆయన ఆ ఏడు నీళ్ల ట్యాంకరు తోలాడని చెప్పింది. చంద్రుడి స్టాంపు దొరికినప్పుడు, అది తెచ్చిన రోజు వాకిట్లో మంచం మీద పడుకుని పైకి చూపించి ఆడ మనుషులు నడిచినారని చెబితే తాను నమ్మలేదని చెప్పింది. చెప్పి నవ్వింది, నవ్వుతూనే కొంగుతో ముఖం తుడుచుకుంది.

సాయంత్రం బస్సుకు వేళవుతుంటే మామ గొంతు సవరించుకున్నాడు. మనిషి న్యాయస్థుడు. "మాటంటే మాటే. పాప బుక్కులో ఉండాయి కాబట్టి ఆల్బం పాపకే చెందుతాది" అన్నాడు. అంటున్నప్పుడు ఆయన ముఖంలో బాధా ఉంది, గర్వమూ ఉంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేను వినయంగా తల వంచాను, లోపల మాత్రం ప్రొద్దుటూరు మెయిన్ బజారులో ఊరేగుతున్నాను.

అవ్వ ఆల్బం తుండుగుడ్డలో చుట్టింది. చుట్టి, తన వెనకాల పెట్టుకుంది.

"ఇయ్యను" అంది.

మాకెవరికీ అర్థం కాలేదు. "మాట ఇచ్చినావు గదమ్మా" అన్నాడు సారు మెల్లగా.

"ఇచ్చినా. ఇయ్యి చెత్తకాయితాలేమో, ఎవురన్నా చదువుకున్నోళ్లు తీస్కపోతే మంచిదని ఇచ్చినా. ఇప్పుడేమో అన్నీ బుక్కులోనే ఉండాయి గద. అయితే మా ఆయన అబద్ధం చెప్పల్యా. బుక్కులో ఉండే సొత్తును ఊరికే ఇచ్చేదానికి నాకేం పిచ్చా?" అని, నా వైపు తిరిగి, తేనె పూసిన గొంతుతో, "బేటీ, ఆ బుక్కు గూడా ఈడ పెట్టిపో. మా తమ్మునికి సూపించాల. మళ్లొచ్చినప్పుడు తీస్కపోదువులే" అంది.

పెట్టకుండా రావడం ఎవరి వల్లనైనా అవుతుందేమో గానీ నా వల్ల కాలేదు. ఖాళీ సంచితో బస్సెక్కాను.  ముద్దనూరు దాటాక సారు భుజాలు కదలడం మొదలైంది, ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆయన్ను చూసి మామ. "క్యారియరు ఖాళీ అయ్యిందా పాపా?" అని మామ అడిగేసరికి కండక్టరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

మళ్లొచ్చినప్పుడు తీసుకుపోవడమన్నది ఎప్పటికీ జరగలేదు. తరువాతి నెల వెళ్తే, తమ్ముడికి చూపించడం అయిందిగానీ, ఎదురింటావిడకు చూపించాలంది. ఆ తరువాత, సగమే చూశాం, మిగతా సగం ఎవరు చూస్తారంది. ఆ మిగతా సగం చూడ్డానికి నెలకోసారి నలుగురం పులివెందుల పోవడం అలవాటైపోయింది. నాకు తెలియకుండానే నేను చిమటా పట్టుకోవడం నేర్చుకున్నాను. అవ్వ వేగంగా నేర్చుకుంది, ఆ పుస్తకంలో అంకెలు తప్ప ఏమీ చదవలేకపోయినా, ఏ రాజ్యం ఏ పేజీలో ఉందో కళ్లు మూసుకుని తీసేది. మా మామ పుస్తకం మీద చెయ్యి వేయబోతే, "పాయసం తిన్న చెయ్యి, కడుక్కోని రాప్పా" అని పంపేది. ముగ్గురిలో ఎవరూ తమ కేటలాగును మాత్రం వదల్లేదు. ఇంగ్లండుది గొప్పదా, అమెరికాది గొప్పదా అన్న గొడవ మేడ మీద నడుస్తూనే ఉండేది, కానీ గల్ఫు మాటెత్తితే ముగ్గురూ ఒక్కసారిగా, "అది అవ్వనడగాల" అనేవాళ్లు.

ఇప్పుడు నేను కడపలో ఒక ఆఫీసులో ఉద్యోగిని, ఇద్దరు పిల్లల తల్లిని. అవ్వకు చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. ఇప్పటికీ నెలకోసారి ఆదివారం పొద్దున్నే పులివెందుల బస్సెక్కుతాను. "ఆ జర్మనీ పుస్తకం కొత్తది ఒకటి కొనుక్కోరాదా, ఇంత దూరం పోయి రావడమెందుకు" అని మా ఆయన ప్రతిసారీ అంటాడు. కొనడానికి నాకేం, కొనగలను. ఫోనులో దాని బొమ్మ దాకా పోయి, కొను అన్న మీట మీద వేలు పెట్టి, తీసేసిన రోజులు కూడా ఉన్నాయి. "పాత కూర్పులోనే వివరాలు బాగుంటాయి, కొత్తవాటిలో అంతా తగ్గించేశారు" అని ముఖం గంభీరంగా పెట్టి చెబుతాను. ఆయన నమ్ముతాడు, పాపం, ఆయనకు కేటలాగుల సంగతి తెలియదు.